మూడేళ్లు మిషన్‌కు వెళ్తున్న పక్కింటివాళ్లు: పదహారేళ్ల అమ్మాయిని మా ఇంట్లో ఉంచుకోమంటారా?

తులసికోట (లీహై, యూటా)

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద ఉత్తరం, ఓపికగా చదవండి.

మేము యూటాకు వచ్చి తొమ్మిదేళ్లయింది. మా పక్కింటివాళ్లు మార్మన్లు, ఒక క్రైస్తవ సంఘం వాళ్లు. భార్యాభర్తలు, నలుగురు పిల్లలు. పెద్దవాడు ఇప్పటికే అర్జెంటీనాలో మిషనరీగా ఉన్నాడు. తరవాత అమ్మాయి, పదహారేళ్లు. ఆ కింద పన్నెండేళ్లవాడు, ఎనిమిదేళ్లవాడు. ఆ అమ్మాయీ మా అమ్మాయీ మూడో తరగతి నుంచి కలిసి పెరిగారు. నాకు ఆపరేషన్ అయినప్పుడు పదిహేను రోజులు మా ఇంటికి భోజనం వాళ్ల ఇంటి నుంచే వచ్చింది. మేము మాంసం తినమని ఆవిడ ఎవరినో అడిగి తెలుసుకుని, శనగలతో ఒక కూర నేర్చుకుని మరీ చేసి పంపింది. అలాంటి మనుషులు.

పోయిన నెలలో ఆ దంపతులకు సంఘం పెద్దల నుంచి పిలుపు వచ్చింది. ఫిలిప్పీన్స్‌లో ఒక మిషన్‌కు, అంటే ఒక ప్రాంతంలో మత ప్రచారం చేసే యువ మిషనరీల బృందానికి, నాయకులుగా మూడేళ్లు వెళ్లాలి. జూలై 1న బాధ్యత తీసుకోవాలి. ఆయన దంతవైద్యుడు. క్లినిక్‌ను భాగస్వామికి అప్పజెబుతున్నారు, ఇల్లు అద్దెకు ఇస్తున్నారు.

నిన్న మధ్యాహ్నం ఆవిడ మా వంటింట్లో కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అడిగింది: "మా అమ్మాయి రానంటోంది. స్కూలు పూర్తయ్యే దాకా మీ ఇంట్లో ఉంచుకుంటారా?" కాసేపాగి, "వచ్చే మూడేళ్లు నేను నూట యాభై మంది పిల్లలకు తల్లిలా ఉండాలి. నేను కన్న పిల్ల నా దగ్గర ఉండనంటోంది" అని ఏడ్చింది.

ఉంచుకోవడానికి మాకు ఇబ్బంది లేదు, గది ఉంది. కానీ అది ఆ పిల్లకు మేలా కాదా అన్నది తెలియడం లేదు. ఆ మిషన్ జీవితం దగ్గరగా చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. వెళ్తే ఆ పిల్లలకు అమ్మానాన్నలు మిగులుతారా?

ప్రకాశంబ్యారేజి

అమ్మా, ముందు నాలాంటివాళ్లకు అర్థమయ్యేలా ఎవరైనా చెప్పాలి. ఆయన దంతవైద్యుడంటున్నారు, మరి పాస్టరు చేసే పనికి ఎలా పంపుతున్నారు? జీతం ఇస్తారా? దేశం వీళ్లే కోరుకున్నారా?

గోదావరిగట్టు (రాజమహేంద్రవరం)

నేను చెప్పగలను. చాలా ఏళ్ల కిందట బెంగళూరు మిషన్‌లో రెండేళ్లు మిషనరీగా పనిచేశాను. మా రాజమండ్రి అప్పట్లో ఆ మిషన్ కిందే ఉండేది. ముందుగా ఒక మనవి. సంఘం పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము. మార్మన్లు అన్న మాటకు బదులు ఆ పూర్తి పేరే వాడమని 2018లో అప్పటి మా ప్రవక్త రస్సెల్ ఎం. నెల్సన్ గారు కోరారు. మీరు ప్రేమతోనే అన్నారని తెలుసు, నొచ్చుకోవద్దు.

మా సంఘంలో ఊరి పాస్టరు అనే ఉద్యోగం లేదు. టీచరు, రైతు, డాక్టరు, ఎవరికి పిలుపు వస్తే వాళ్లు కొన్నేళ్లు సేవ చేసి మళ్లీ తమ పనికి వెళ్లిపోతారు. మిషన్ నాయకత్వమూ అంతే. దానికి దరఖాస్తు లేదు, దేశం కోరుకోవడం లేదు. జీతమూ ఉండదు గానీ ఇల్లు, కారు, వైద్యం, పిల్లల చదువు లాంటి ఖర్చులు సంఘం చూసుకుంటుంది. పిలుపు భర్త ఒక్కడికే కాదు, దంపతులిద్దరికీ. 2024 జూలైలో 36 కొత్త మిషన్లు తెరిచాక ప్రపంచం మొత్తం మీద 450 మిషన్లయ్యాయి. అంటే 450 ఇళ్లకు ఇలా తాళం పడ్డాయన్నమాట.

వాళ్ల చేతికి వచ్చేది ఎవరు? నిన్నటిదాకా అమ్మ వడ్డిస్తే తిన్న పిల్లలు. 2012లో వయసు తగ్గించాక అబ్బాయిలు 18 ఏళ్లకే వస్తున్నారు. అబ్బాయిలకు రెండేళ్లు, అమ్మాయిలకు పద్దెనిమిది నెలలు. ఎప్పుడూ ఇద్దరిద్దరుగా ఉండాలి. ఆరు వారాలకొకసారి ట్రాన్స్‌ఫర్: ఎవరు ఏ ఊరు వెళ్లాలి, ఎవరితో కలిసి ఉండాలి అన్నది మిషన్ అధ్యక్షులవారు, అంటే మిషన్‌ను నడిపే ఆ భర్తే, ప్రార్థన చేసి నిర్ణయిస్తారు. ఇంటి మీద బెంగ పుట్టి మనసు అప్పుడే పెట్టె సర్దుకున్నవాణ్ణి మేము ట్రంకీ అనేవాళ్లం. నేను మొదటి నెలలోనే ట్రంకీ అయ్యాను.

నేను మనీలాలో శిక్షణ ముగించుకుని బెంగళూరు వచ్చిన రాత్రి ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. కొత్తగా వచ్చిన మమ్మల్ని అధ్యక్షుల ఇంట్లోనే భోజనానికి కూర్చోబెట్టారు. సిస్టర్ గారు, అంటే అధ్యక్షుల భార్య, ఒక్కొక్కరి పక్కన వచ్చి కూర్చుని ఇంట్లో ఎవరెవరున్నారు, ఏ మందులు వాడుతున్నారు, ఏది తింటే పడదు అని అడిగి చిన్న పుస్తకంలో రాసుకున్నారు. నాకు అప్పుడు ఇంగ్లిషు సరిగా రాదు. వేరుశనగ పడదని చెప్పలేక చేతితో చూపించాను. ఏడు నెలల తరవాత నేను వేరే ఊళ్లో ఉన్నప్పుడు జోన్ కాన్ఫరెన్స్‌కు, అంటే చుట్టుపక్కల మిషనరీలంతా కలిసే సమావేశానికి, వచ్చారు. అందరికీ పంచిన మిఠాయిలో నా ఒక్కడి పొట్లం వేరే రంగు కాగితంలో ఉంది. మా అమ్మకు ఆ సంగతి ఉత్తరంలో రాస్తే, ఆ ఉత్తరం అమ్మ బైబిల్లో పెట్టుకుంది.

కానీ అమ్మా, మీరు అడిగింది మా గురించి కాదు, ఆ ఇంటి పిల్లల గురించి. నిజం చెప్పాలంటే ఆ రెండేళ్లలో ఆ ఇంట్లో పిల్లలు ఉన్నారని తెలుసు గానీ, వాళ్లు ఎలా ఉన్నారని నేను ఒక్కసారీ అడగలేదు. మీ ప్రశ్న చదివాకే ఆ మాట తోచింది.

పాతకాగితం

తులసికోట గారూ, ఈ బాధ ఆ సంఘానికి పుట్టుకతో వచ్చింది. నేను ఆ మతం వాణ్ణి కాదు, చరిత్ర అంటే ఇష్టంతో చదివాను.

1839 సెప్టెంబరు. ఆ సంఘం తొలి పెద్దలు బ్రిగం యంగ్, హీబర్ కింబల్ ఇంగ్లండుకు మిషన్ మీద బయలుదేరారు. ఇద్దరికీ మలేరియా. యంగ్ భార్య మేరీ ఆన్ పది రోజుల బాలింత. కింబల్ ఇంట్లో దాదాపు అందరూ జ్వరంతో ఉన్నారు. బండి కొంత దూరం పోయాక ఇలా ఏడుస్తున్న ఇంటిని వదిలి పోలేమని బండివాణ్ణి ఆపించి, లేవలేని వాళ్లు లేచి నిలబడి టోపీలు ఊపుతూ "ఇశ్రాయేలుకు జయం" అని కేక వేశారు. లోపల నుంచి ఆడవాళ్లు గుమ్మం దాకా వచ్చి నవ్వుతూ సాగనంపారు. ఆ కేక గురించి అందరూ చెప్పుకుంటారు. బండి కనుమరుగయ్యాక ఆ గుమ్మంలో ఏం జరిగి ఉంటుందా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఇంకొక ఇల్లు చూడండి. అడిసన్ ప్రాట్ 1843లో పసిఫిక్ దీవులకు వెళ్లాడు. భార్య లూయీసా నలుగురు ఆడపిల్లలతో ఒంటరిగా మిగిలింది. ఐదేళ్లు. ఆ ఐదేళ్లలో ఆమె ఊరు వదిలి, బండిలో పిల్లలను వేసుకుని మైదానాలన్నీ దాటి సాల్ట్‌లేక్ లోయకు 1848లో చేరింది. భర్తా అదే నెలలో వచ్చి కలిశాడు. మరుసటి ఏడాది ఆయనకు మళ్లీ అవే దీవులకు పిలుపు వచ్చింది. ఈసారి లూయీసా ఇంట్లో ఉండిపోలేదు. 1850లో పిల్లలను తీసుకుని తుబువాయి దీవికి తానూ వెళ్లి, అక్కడి ఆడవాళ్లకూ పిల్లలకూ చదువు చెప్పింది.

నేను మీకు సలహా ఇచ్చేంతవాణ్ణి కాదు. కానీ రెండు పద్ధతులూ స్వయంగా అనుభవించిన ఇల్లాలు రెండోసారి ఏది చేసిందో చెప్పాలనిపించింది.

ఈ కాలానికి దగ్గరగా అంటే, తరవాత సంఘాధ్యక్షుడైన థామస్ మాన్సన్ 1959లో కెనడాలో మిషన్ అధ్యక్షుడిగా వెళ్లినప్పుడు ఆయనకు 31 ఏళ్లు. ఇద్దరు చిన్నపిల్లలు, భార్య ఫ్రాన్సెస్ మూడో బిడ్డతో నిండు మనిషి. ఆ బిడ్డ టొరంటోలోనే పుట్టాడు.

కోనసీమకొబ్బరి (అమలాపురం, ఇప్పుడు దోహా)

అక్కా, ఆ పిల్లను ఉంచుకోవద్దు. ఇంత సూటిగా చెబుతున్నందుకు క్షమించండి.

నా పదో ఏట మా అమ్మ నన్ను అమ్మమ్మ దగ్గర వదిలి కువైట్ వెళ్లింది. ఆరేళ్లు. మా ఊళ్లో ప్రతి వీధిలోనూ ఇలాంటి ఇల్లు ఒకటి ఉంటుంది. అమ్మమ్మ నాకు ఏ లోటూ చేయలేదు. అన్నం కలిపి ముద్దలు పెట్టింది. అయినా అమ్మ తిరిగి వచ్చిన రోజు విమానాశ్రయంలో ఆమెను పట్టుకున్నప్పుడు ఆమె తల నా గడ్డం కింద ఉంది. వెళ్లేటప్పుడు నేను ఆమె నడుము పట్టుకుని ఏడ్చాను. మధ్యలో ఉన్న ఎత్తంతా ఎవరూ చూడకుండానే పెరిగాను. మాకు ఒకరి మీద ఒకరికి ప్రేమ ఉంది, కానీ ఒకరి ముందు ఒకరికి మొహమాటం. నలభై ఏళ్లు వచ్చినా అది పోలేదు.

మా అమ్మకు వేరే దారి లేదు, అప్పులు. ఈ పిల్లకు దారి ఉంది. అమ్మ ఎంత పనిలో ఉన్నా, అదే కప్పు కింద ఉన్న అమ్మ వేరు.

ప్రకాశంబ్యారేజి

మీ మాట చదివి చెయ్యి ఆగిపోయిందమ్మా. మనం ఇంటర్‌కు రాగానే పిల్లలను హాస్టల్లో వేసి, నెలకొక ఆదివారం పులిహోర డబ్బా పట్టుకుని వెళ్లి చూసి వస్తాం. నా కూతురినీ అలాగే వేశాను. దాన్ని తప్పని ఎవరూ అనలేదు, నేనూ అనుకోలేదు.

మెహదీపట్నం

నాది మరొక పక్క మాట. నేను మిషనరీ తల్లిని. నా కొడుకు ఉత్తర భారతంలో సేవ చేస్తున్నాడు. ఇంకా ఎనిమిది నెలలుంది.

పోయిన వానాకాలంలో తెల్లవారుజామున ఐదింటికి ఫోను మోగింది. వాడి మిషన్ అధ్యక్షుల భార్య. డెంగీ, ప్లేట్‌లెట్లు పడిపోయాయి, ఆసుపత్రిలో చేర్చామని చెప్పారు. నేను రైలు టికెట్టు కోసం పరుగు పెట్టబోతే, "మీరు వచ్చేదాకా ఆగను, ఇప్పుడు వాడి పక్కనే ఉన్నాను" అన్నారు. నాలుగు రోజులు ఆమె ఆ గది వదల్లేదు. రోజూ పొద్దునా సాయంత్రం ప్లేట్‌లెట్ల లెక్క నాకు పంపేవారు. మూడో రోజు వీడియోలో నా కొడుకు మొహం చూపించారు. ఫోను తిప్పేటప్పుడు గోడవారగా ఒక ప్లాస్టిక్ కుర్చీ కనబడింది. దాని ముందు నేల మీద కూర్చుని, కుర్చీని బల్లలా చేసుకుని ఒక పాప హోంవర్క్ రాసుకుంటోంది. స్కూలు యూనిఫారం కూడా మార్చలేదు. జడ ఒకటి ఊడిపోయి ఉంది.

ఆమె కూతురే. ఇంట్లో ఒంటరిగా ఉంచలేక వెంట తెచ్చుకున్నారు.

నా బిడ్డ బతికాడు. వాణ్ణి చూసినప్పుడల్లా ఆ ఊడిపోయిన జడ గుర్తుకు వస్తుంది. ఆ సమయంలో ఆ జడ అల్లాల్సిన చేతులు నా కొడుకు నుదుటి మీద ఉన్నాయి. తులసికోట గారూ, మీ పక్కింటావిడ వెళ్లకుండా ఉండకూడదు. నాలాంటి తల్లులు నూట యాభై మంది ఆమె మీద నమ్మకం పెట్టుకుంటారు. కానీ ఆ నమ్మకానికి వెల కడుతున్నది ఆమె పిల్లలని ఆమెకు పిలుపు పంపినవాళ్లూ, నాలాంటివాళ్లూ తెలుసుకోవాలి. మొన్న క్రిస్మస్‌కు నా కొడుక్కి పార్సిల్ పంపినప్పుడు ఆ పాపకు పట్టు పరికిణీ, జడగంటలు పంపాను. అది చాలదని తెలుసు.

మా హైదరాబాదులో ఈ సంఘం మొదలైందీ ఒక కుటుంబంతోనే. సమోవాలో పనిచేస్తూ 1977లో సంఘంలో చేరిన డాక్టర్ ఎడ్విన్ ధర్మరాజు, ఆయన భార్య ఎల్సీ 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చి, తమ సొంత బంధువులకే సువార్త చెప్పారు. 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. 2012లో ఇక్కడ స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాల కూటమి, ఏర్పడిన రోజు మా పెద్దవాళ్లు ఆ సంగతి చెప్పుకుని కళ్లు తుడుచుకున్నారు. సేవను, కుటుంబాన్ని వేరుచేసి చూడడం మాకు రాదు. అందుకే ఈ ప్రశ్న నాకు ఇంత బరువుగా తోస్తోంది.

లూథరన్‌బిడ్డ (గుంటూరు)

మేము వేరే సంఘం, కానీ కష్టం ఒకటే. 1842లో మిషనరీగా గుంటూరు వచ్చిన ఫాదర్ హేయర్ గారిని మేము దేవుడిచ్చిన మనిషిగా చూస్తాం. ఆయన భార్య పోయాక, పిల్లలను అమెరికాలోనే వదిలి వచ్చారు. మేము ఏటా ఆయన పేరు తలుచుకుంటాం. ఆ పిల్లల పేర్లు మా చర్చిలో ఎవరికీ తెలియవు. మా నాన్నగారు పాస్టరు. మా ఇంట్లో పండగ రోజు నాన్న మాతో కలిసి కూర్చుని తిన్నది నాకు గుర్తు లేదు. దానికి నాకు కోపం లేదు, కానీ ఆ లోటు లేదని మాత్రం అనను.

ఆవకాయజాడీ (మిసిసాగా, కెనడా)

రెండు రోజులుగా ఈ చర్చ చదువుతున్నాను. రాయాలా వద్దా అని మా ఆయనను అడిగాను. రాయమన్నారు.

మా ఆయన అమెరికన్. ఆయన తల్లిదండ్రులు తొంభైల చివర్లో దక్షిణ అమెరికాలో మిషన్ నడిపారు. అప్పటికి ఆయనకు పదమూడేళ్లు, చెల్లికి పది. ఆ మూడేళ్లు తులసికోట గారి పక్కింటివాళ్లకు ఎలా ఉండబోతున్నాయో ఆయన నోటి మాటగానే చెబుతాను.

ఆ ఇంట్లో కాలం నెలలుగా నడవదు, ఆరు వారాల విడతలుగా నడుస్తుంది. మూడేళ్లంటే 26 విడతలు. ప్రతి విడతలోనూ కొత్తవాళ్లు వచ్చిన రాత్రి ఒక విందు, ఇంటికి వెళ్లిపోయేవాళ్లకు ఒక వీడ్కోలు. మధ్యలో ఊరూరా తిరిగి ఒక్కొక్క మిషనరీతో విడిగా కూర్చుని మాట్లాడడం. నాన్న కారు ఎక్కితే వారం, పది రోజులు. తరచు అమ్మా వెళ్లాలి. అప్పుడు వీళ్లను మిషన్ ఆఫీసులో సేవ చేసే ఒక వృద్ధ దంపతుల దగ్గర ఉంచేవారు.

సోమవారం గురించి ఆయన ఎక్కువగా చెబుతారు. మిషనరీలకు సోమవారం బట్టలు ఉతుక్కుని, సరుకులు తెచ్చుకుని, ఇంటికి ఉత్తరాలు రాసుకునే రోజు. అధ్యక్షులకు వారపు లేఖ రాసేదీ అప్పుడే. ఇప్పుడది ఈమెయిల్, అప్పుడు కాగితం. నూట అరవై ఉత్తరాలు. ఒకడు తల్లికి క్యాన్సరని రాస్తాడు, ఒకడు తనకు నమ్మకం పోయిందని రాస్తాడు, ఒకడు సహచరుడు తనతో మాట్లాడడం లేదని రాస్తాడు. నాన్న ఏ ఒక్కటీ చదవకుండా పక్కన పెట్టేవారు కాదు. అయితే ఆ సంఘంలో సోమవారం సాయంత్రమంటే కుటుంబం కలిసి కూర్చునే వేళ. 1970 నుంచి ప్రపంచమంతటా అదే ఆచారం. ఆ పూట సంఘం పనులేవీ పెట్టుకోకూడదని చెబుతారు. పిల్లలిద్దరూ హాల్లో కూర్చుని పాటల పుస్తకం తెరిచి, ఆఫీసు గది తలుపు కింద నుంచి వచ్చే వెలుతురు చూస్తూ ఉండేవారట.

ఆ ఆఫీసు గదిలో గోడంతా ఒక బోర్డు. ప్రతి మిషనరీ ఫోటో వెనక చిన్న అయస్కాంతం. ట్రాన్స్‌ఫర్ వారంలో నాన్న ఆ బోర్డు ముందు మోకరించి, లేచి, ఫోటోలు ఇటు నుంచి అటు జరిపేవారు. ఒకరోజు మా ఆయన తన స్కూలు గుర్తింపు కార్డు మీది ఫోటో కత్తిరించి, వెనక అయస్కాంతం ముక్క అంటించి, బోర్డు అడుగున ఖాళీగా ఉన్న చోట పెట్టారు. పక్కన సహచరి స్థానంలో చెల్లి ఫోటో పెట్టారు. ఎవరికీ చెప్పలేదు.

నాన్న ఎప్పుడు చూశారో తెలియదు. తీయలేదు. నాలుగు రోజుల తరవాత ఇంటర్వ్యూల జాబితా తలుపు మీద అంటించినప్పుడు, మొదటి పేరు ఈయనది, రెండోది చెల్లిది. తక్కిన అందరికీ ఇచ్చినంత సమయమే, తలుపు వేసి, ఫోను పక్కన పెట్టి. మొదటిసారి ఏం మాట్లాడాలో తెలియక ఇద్దరూ ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకున్నారట. అప్పటికి నాలుగు విడతలు అయిపోయాయి. మిగిలిన 22 విడతల్లో ఒక్కటీ తప్పలేదు.

మా ఆయన ఇప్పటికీ అర్ధరాత్రి ఫోను మోగితే లేచి కూర్చుంటారు. వాళ్ల తాతగారు పోయినప్పుడు నాన్న మిషన్ వదిలి వెళ్లలేదు. ఆ సంగతి మాట్లాడేటప్పుడు ఇప్పటికీ గొంతు మారుతుంది. కానీ అక్కడ నేర్చిన భాషతోనే నేడు ఆయన అన్నం తింటున్నారు. ఆ రోజుల్లో తమ ఇంట్లో గిన్నెలు తోమిన మిషనరీ ఒకడు మా పెళ్లికి వచ్చాడు. పెళ్లికూతురి తరఫు వాళ్లకు అతణ్ణి "మా అన్నయ్య" అని పరిచయం చేశారు.

అమ్మాయిని పంపమని గానీ ఉంచమని గానీ నేను చెప్పను. ఆ తల్లిదండ్రులతో ఈ బోర్డు సంగతి మాత్రం చెప్పండి.

గోదావరిగట్టు

అక్కా, చదివాను. మా బెంగళూరు ఆఫీసులోనూ బోర్డు ఉండేది. నా ఫోటో దాని మీద ఎక్కడుందో వెతుక్కోవడమే తప్ప వేరే ఏదీ చూడలేదు.

తులసికోట అమ్మా, ఒక చిన్న ఊరట. ఇప్పుడు మిషనరీలు వారానికొకసారి ఇంటికి ఫోను చేయవచ్చు. 2019 ఫిబ్రవరి దాకా ఏడాదికి రెండుసార్లే ఉండేది: క్రిస్మస్‌కు, మదర్స్ డేకు. కాబట్టి అర్జెంటీనాలో ఉన్న పెద్దబ్బాయి ఫిలిప్పీన్స్‌లో ఉన్న అమ్మతో వారం వారం మాట్లాడగలడు.

పాతకాగితం

ఆ ఇంటికీ మిషన్‌కూ మధ్య గోడ ఎంత పల్చనో చెప్పే సంగతి ఒకటి. 1968 జూన్‌లో ఫ్రాన్స్‌లో మిషన్ అధ్యక్షుడు, ఆయన భార్య, కొందరు మిషనరీలు వెళ్తున్న కారును ఎదురుగా వచ్చిన కారు ఢీకొంది. భార్య మరణించింది, అధ్యక్షుడు తీవ్రంగా గాయపడ్డారు. కారు నడుపుతున్న 21 ఏళ్ల మిషనరీ మిట్ రామ్నీ, తరవాత అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో పోటీ చేసిన ఆయనే. అధ్యక్షుడు స్వదేశంలో కోలుకునేదాకా ఆ కుర్రవాళ్లే మిషన్ పనులు చూసుకున్నారు. తల్లిలా చూసుకున్న ఆమెను పోగొట్టుకున్న పిల్లలు, ఏడ్చే తీరిక లేకుండా మిగతా పిల్లలను చూసుకున్నారు. ఈ బంధం ఒకవైపు నుంచి మాత్రమే సాగదని చెప్పడానికి రాశాను.

తులసికోట

అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. పది రోజులు రాయలేకపోయాను.

మీ మాటలన్నీ ఒక సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లి, వరసగా ఇంగ్లిషులో చెప్పాను. ఆయన, ఆవిడ, అమ్మాయి. అప్పటికే సగం అట్టపెట్టెలు, గోడల మీద మేకులు మిగిలాయి. కోనసీమ అమ్మ తల సంగతి చెప్పినప్పుడు ఆవిడ లేచి వెళ్లి కూతురి కుర్చీ వెనక నిలబడింది. బోర్డు సంగతికి ఆయన ఏమీ అనలేదు. కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకుంటూ ఉండిపోయారు.

అప్పుడు అమ్మాయి నోరు విప్పింది. స్కూలు వదలడం ఆమె భయం కాదు. "అక్కడ నేను ప్రెసిడెంట్ గారి అమ్మాయిని. నూట యాభై మంది నన్ను చూస్తుంటారు. వాళ్లు బాగుండాలంటే నేను బాగున్నట్టు కనిపించాలి. నాకు బాధగా ఉన్న రోజు ఎక్కడికి వెళ్లను?" అంది. పదహారేళ్ల పిల్ల అంత ఆలోచించుకుని, ఇన్నాళ్లూ మా అమ్మాయికి కూడా చెప్పుకోలేదు.

ఆ రాత్రి వాళ్లు చాలాసేపు మాట్లాడుకున్నారు, నేను వచ్చేశాను. మర్నాడు ఆవిడ వచ్చి చెప్పింది: అమ్మాయి వాళ్లతోనే వెళ్తుంది. మొదటి ఏడాది తరవాత ఇక్కడికి వచ్చి స్కూలు ఆఖరు సంవత్సరం చదువుతానంటే వస్తుంది. దానికోసం మేము గది అలాగే ఉంచుతాం. సంరక్షకులుగా మా పేర్లతో కాగితాలు ఇప్పుడే రాయించి పెడుతున్నారు. అక్కడి ఇంట్లో ఆఫీసు వైపు కాకుండా వెనక వైపు గది ఆమెకు ఇవ్వాలని, ఆ గదిలోకి మిషనరీలెవరూ రాకూడదని తండ్రే నియమం పెట్టారు. సోమవారం సాయంత్రం ఆరు తరవాత రెండు గంటలు తన ఫోను అసిస్టెంట్ల దగ్గర, అంటే తనకు సాయపడే మిషనరీల దగ్గర, ఉంటుందని కూడా ఆయన పిల్లలకు మాట ఇచ్చారు. నిలబెట్టుకోగలరో లేదో ఆయనకే తెలియదు, నాకూ తెలియదు.

కోనసీమకొబ్బరి

నేను ఉంచుకోవద్దన్నాను గానీ, తిరిగి రావడానికి ఒక గది ఉందని తెలిసి వెళ్లడం వేరు అక్కా. నాకు ఆ మాట తోచలేదు. అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పండి.

మెహదీపట్నం

ఆ రెండు గంటల్లో ఫోను మోగితే అది నాలాంటి తల్లి పిల్లవాడి కోసమే అయి ఉంటుంది. అయినా ఆ రెండు గంటలూ మోగకుండా ఉండాలని ప్రార్థిస్తాను.

తులసికోట

వాళ్ల పియానో మా హాల్లోకి వచ్చింది. అమ్మాయి రోజూ స్కూలు నుంచి నేరుగా మా ఇంటికి వచ్చి వాయిస్తోంది. మా అమ్మాయి పక్కనే కూర్చుంటుంది, ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు.

ఒక సాయం కావాలి. వాళ్ల పిల్లలకు మా పప్పుచారంటే ప్రాణం. ఆవిడ నా దగ్గర నేర్చుకుంటోంది, నిన్న మొదటిసారి తనే పోపు పెట్టింది. ఇంగువ, ఆవాలు, కారం పొడి నేను కట్టి ఇస్తున్నాను. ఫిలిప్పీన్స్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే, కందిపప్పు, చింతపండు దొరుకుతాయా?

సముద్రపుగాలి (సెబు, ఫిలిప్పీన్స్)

ఇక్కడ వైద్యం చదువుతున్నానండీ, మూడో సంవత్సరం. చింతపండు ఎక్కడైనా దొరుకుతుంది, టగలాగ్ భాషలో సంపాలోక్ అంటారు, పులుసుల్లో అదే వాడతారు. కందిపప్పు మామూలు దుకాణాల్లో ఉండదు, భారతీయుల అంగడి కోసం వెతుక్కోవాలి. పెసలు మాత్రం ప్రతి సంతలోనూ ఉంటాయి. మా హాస్టల్లో మేము పెసలతోనే కాచుకుంటాం, రాత్రి నానబెడితే బాగా ఉడుకుతాయి. ఆవిడకు పెసలతో చేయడం కూడా నేర్పి పంపండి.